పిల్లోళ్ళేమన్నా మామిడికాయలా, సైజు చూసి ఏరేదానికి?

ముందే చెప్తున్నా, ఇది సింగపూర్ టూరు కబుర్లు కాదు. ఫోటోలన్నీ తమ్ముడు ఇదివరకే ఇక్కడ పెట్టేశాడు. లైఫ్ జాకెట్ వేసుకున్న అవ్వను చూసి అందరూ నవ్వుకున్నారు, సంతోషం. నేను రాసేది ఆ ఫోటోల్లో కనపడని సంగతి. మన పిల్లోళ్ళు ఆరుగురు ఓడ ఎక్కారు. నాలుగు రాత్రులు ఉన్నాం. ఆరుగురూ ఒకచోట ఉన్న ఫోటోలు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మూడే మూడు. రెండు భోజనం టేబుల్ దగ్గర, ఒకటి ఓడ దిగేటప్పుడు. అదే మామిడికాయల కాలంలో శ్రీనివాసపురం ఇంటికొస్తే, వీళ్ళలో ఒక్కరిని విడిగా నిలబెట్టి ఫోటో తీయడమే కష్టం.

నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. ఒకటి నుంచి పది దాకా నాది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడడమే కానీ, రాయడం ఇంజనీరింగ్ అయినాక అమ్మ దగ్గర కూర్చొని నేర్చుకున్నా. అక్షరాలు దగ్గర దగ్గర ఒకటే కాబట్టి నెల రోజుల్లో వచ్చేసింది. కానీ ఒత్తులు, సున్నాలు ఇప్పటికీ మోసం చేస్తాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనింట్లో తెలుగు ఎట్ల బతికి ఉందో, దాన్ని ఎవరు బతికించారో అన్న మాట ముందుకు వస్తుంది.

ఓడ ఎక్కని వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తా. పెద్ద క్రూయిజ్ ఓడల్లో పిల్లల కోసం వేరే గదులుంటాయి. ఆటలు, రంగులు, బొమ్మలు, సినిమా, డాన్సు అన్నీ అక్కడే. చూసుకోడానికి మనుషులుంటారు. తల్లిదండ్రులు పిల్లల్ని అక్కడ వదిలి షో చూడొచ్చు, ఈత కొట్టొచ్చు, నిద్రపోవచ్చు. మంచి ఏర్పాటే, కాదనను. గొడవంతా ఏ పిల్లని ఏ గదిలో పెడతారు అన్న దగ్గర మొదలవుతుంది.

మొదటిరోజు మధ్యాహ్నం పేర్లు రాయించే కౌంటర్ దగ్గర నిలబడ్డాం. వాళ్ళు చూసేది ఒకటే. ఓడ బయలుదేరే రోజుకి బిడ్డకి ఎన్నేళ్ళు నిండాయి? మా ఓడలో నాలుగు గదులు. 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకి ఒకటి, 6 నుంచి 8 కి ఒకటి, 9 నుంచి 11 కి ఒకటి, 12 నుంచి 17 కి ఒకటి. హోసూరు చెల్లెలి చిన్నది, నాలుగేళ్ళది, మొదటి గదికి పోయింది. మా పాప, బళ్ళారి అన్న కొడుకు రెండో గదికి. వాడికి ఆరేళ్ళు. హోసూరు చెల్లెలి పెద్దది, పూణె తమ్ముడి కొడుకు మూడో గదికి. బళ్ళారి అన్న కూతురికి పదమూడు, నాలుగో గది. ఆరుగురు పిల్లలు, నాలుగు గదులు, చేతులకి నాలుగు రంగుల పట్టీలు.

అవ్వ పక్కన కుర్చీలో కూర్చొని అంతా చూస్తా ఉండింది. "ఏమ్మే, పిల్లోళ్ళేమన్నా మామిడికాయలా, సైజు చూసి ఏరేదానికి?" అనింది. శ్రీనివాసపురం మండీలో తోతాపురి ఒకవైపు, బేనిషా ఒకవైపు, అందులో మళ్ళీ పెద్దవి, చిన్నవి ఏరి క్రేట్లకెత్తడం యాభై ఏళ్ళు చూసిన మనిషి. ఆమెకి అట్లే అనిపించింది. నేను అప్పుడు నవ్వి ఊరుకున్నా. రెండో రోజు నవ్వు పోయింది.

మా పాప, హోసూరు పెద్దది మూడు నెలల తేడాతో పుట్టారు. ఒకే ఉయ్యాలలో పడుకున్నోళ్ళు. హోసూరుదానికి తొమ్మిది నిండి రెండు నెలలు దాటింది. మా పాపకి తొమ్మిది నిండడానికి ఇంక 23 రోజులు. గీత సరిగ్గా ఇద్దరి మధ్యలో పడింది. మా పాప ఉన్న గదిలో మొన్ననే ఆరు నిండిన పిల్లోడూ ఉన్నాడు. వాడికీ మా పాపకీ దాదాపు మూడేళ్ళ తేడా. అంటే మూడేళ్ళ తేడా ఉంటే ఒకే గది, మూడు నెలల తేడా ఉంటే రెండు గదులు. ఇది వయసును బట్టి పెట్టడమా, తారీకును బట్టి పెట్టడమా?

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పన్నెండేళ్ళుగా ఇదే పని. మా పనిలో మొదట నేర్పేదే బౌండరీ టెస్టింగ్. ఒక ప్రోగ్రాములో 9 దగ్గర గీత ఉందంటే, మేము 7 ని, 20 ని పెట్టి చూసి వదిలెయ్యం. 8 పెట్టి చూస్తాం, 9 పెట్టి చూస్తాం, 10 పెట్టి చూస్తాం. తప్పులు ఎప్పుడూ గీత దగ్గరే దాక్కొని ఉంటాయి కాబట్టి. ఓడవాళ్ళ నియమం మధ్యలో ఉన్న పిల్లలకి బాగానే పనిచేస్తుంది. ఏడేళ్ళ పిల్లకి ఏ ఇబ్బందీ లేదు. గీత మీద నిలబడ్డ పిల్లకే అన్ని ఇబ్బందులు. టెస్టర్‌గా ఇది నేను పాస్ చేసే ప్రోగ్రాము కాదు.

"గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా" అని మా ఆయనే అన్నాడు. నిజమే, గీయాలి. కానీ ఆ గీత దేవుడు గీసింది కాదు అని గుర్తుపెట్టుకుందాం. ఇంటికొచ్చినాక నేను కొన్ని కంపెనీల నియమాలు తీసి పక్కపక్కన పెట్టుకొని చూశా. మేము ఎక్కింది వీటిలో ఏదీ కాదు. కార్నివాల్ ఓడల్లో 2 నుంచి 5, 6 నుంచి 8, 9 నుంచి 11, ఆపైన 12 నుంచి 14, 15 నుంచి 17. నార్వీజియన్ ఓడల్లో 3 నుంచి 5, 6 నుంచి 9, 10 నుంచి 12, ఆపైన 13 నుంచి 17. డిస్నీ ఓడల్లో 3 నుంచి 10 ఏళ్ళ పిల్లలందరికీ ఒకే క్లబ్. ఇప్పుడు చూడండి. మా పాప, హోసూరుది నార్వీజియన్ ఓడ ఎక్కి ఉంటే ఒకే గదిలో ఉండేవాళ్ళు. డిస్నీ ఓడైతే ఆ నాలుగేళ్ళ చిన్నది కూడా వాళ్ళతోనే ఉండేది. పిల్లలు అదే పిల్లలు, సముద్రం అదే సముద్రం. కంపెనీ మారితే బిడ్డ పెద్దదవుతుంది, ఇంకో కంపెనీ అయితే చిన్నదవుతుంది. ఇట్లాంటి గీతను పట్టుకొని "నియమం నియమమే" అని కౌంటర్ దగ్గర చెప్తే నాకు కోపం రాదా?

మన కర్ణాటకవాళ్ళకి ఈ తారీకుల కథ కొత్త కాదు. ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్ళు నిండాలి అన్న నియమం వల్ల ఎన్ని ఇళ్ళల్లో ఎంత గోల అయిందో మీకు తెలుసు. ఆఖరికి 2025–26 ఒక్క ఏడాదికి అయిదేళ్ళ అయిదు నెలలు నిండినా చాలు అని ప్రభుత్వమే సడలించింది. రాష్ట్రం మొత్తానికి బడి నడిపే ప్రభుత్వం ఏడు నెలలు వెనక్కి జరగగలిగింది. నాలుగు రాత్రుల ఆటల గది 23 రోజులు జరగలేదా?

సరే, మా పాపకి అయిన నష్టం ముఖం ముడుచుకోవడమే. దానికోసమే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. అసలు సంగతి చిన్నదానిది.

హోసూరు చిన్నదానికి నాలుగేళ్ళు. ఇంట్లో తెలుగు, అంగన్వాడీలో నాలుగు తమిళ మాటలు, ఇంగ్లీషులో రంగుల పేర్లు. అంతే దాని భాష. మూడు నుంచి అయిదేళ్ళ గదిలో పెట్టేటప్పుడు ఒక షరతు ఉంది. బిడ్డకి డైపర్ అలవాటు పోయి ఉండాలి, బాత్రూమ్‌కి పోవాలంటే చెప్పగలగాలి. చెల్లెలు సంతకం పెట్టింది. అబద్ధం ఏమీ లేదు, ఆ బిడ్డ రెండున్నరేళ్ళ నుంచి చెప్పే పోతుంది.

రెండో రోజు పొద్దున ఆ బిడ్డ అక్కడున్న అమ్మాయి దగ్గరికి పోయి "ఒంటికొస్తాంది" అని చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి ఒక బొమ్మ ఇచ్చింది. బిడ్డ మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఇంకో బొమ్మ. మూడోసారి చెప్పే టైము లేకపోయింది. అందరి ముందర తడిసిపోయి నిలబడింది. ఈ సంగతంతా తర్వాత బిడ్డే ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెల్లెలి రూముకి ఫోన్ వచ్చింది. "మీ బిడ్డకి బాత్రూమ్ అలవాటు కాలేదు, నియమం ప్రకారం ఇంక క్లబ్‌లో ఉంచుకోలేము."

అలవాటు కాలేదంట! ఆ బిడ్డ చెప్పింది, రెండుసార్లు చెప్పింది, తెలుగులో చెప్పింది. వినే చెవి లేదు. మా ఆఫీసులో దీన్ని ఫాల్స్ ఫెయిల్ అంటాం. ప్రోగ్రాము బాగానే ఉంటుంది, టెస్టే తప్పు, కానీ రిపోర్టులో ప్రోగ్రాము మీద ఎర్ర గుర్తు పడుతుంది. ఇక్కడ ఎర్ర గుర్తు నాలుగేళ్ళ బిడ్డ మీద పడింది. ఆ రెండు రోజులు అది ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ కొంగు పట్టుకొనే తిరిగింది.

అదే టైముకి దాని సొంత అక్క, తొమ్మిదేళ్ళది, మూడు తలుపుల అవతల కూర్చొని కాగితం కిరీటాలు కత్తిరిస్తా ఉంది. అది పక్కనుంటే "షీ వాంట్స్ టాయిలెట్" అని మూడు మాటలు చెప్పేది. మొదటిరోజే మేము అడిగాం, పెద్దదాన్ని రోజూ ఒక గంట చిన్నదాని గదిలో ఉండనివ్వండి, భాష రాదు, అలవాటయ్యేదాకా అని. జవాబేమిటంటే, అక్కాచెల్లెళ్ళని కలపడానికి వీలుంది కానీ పక్క గదికే, ఒక మెట్టే దిగొచ్చు. తొమ్మిది నుంచి నాలుగు రెండు మెట్లు కాబట్టి కుదరదు.

గదిలో ఉన్న ఆ అమ్మాయిని నేను ఒక్క మాట కూడా అనను. ఎక్కడి నుంచో ఇల్లు వదిలి వచ్చి, ఇరవై దేశాల పిల్లల్ని చూసుకునే మనిషి. ప్రతి భాషలో ఒంటికి, రెంటికి ఏమంటారో ఆమెకెట్ల తెలుస్తుంది? తప్పు ఆమెది కాదు. బిడ్డని గదిలో పెట్టేటప్పుడు పుట్టిన తారీకు తప్ప ఇంకేమీ అడగని ఆ ఫారానిది. "మీ బిడ్డ ఏ భాష మాట్లాడుతుంది?" అని ఒక్క గడి లేదు ఆ ఫారంలో. వేరుశనక్కాయ పడుతుందా లేదా అని ఉంది, మంచిదే. భాష పడుతుందా లేదా అని లేదు.

ఇంకో తమాషా చెప్తా. మా పాపని హోసూరుదానితో ఉంచమని అడిగితే, "వీళ్ళిద్దరూ సిస్టర్సా?" అన్నారు. మా పాపే ముందుకొచ్చి "అవును, మా అక్క" అనింది. "ఇద్దరికీ తల్లి ఒకరేనా?" కాదు. "అయితే కజిన్స్. కజిన్స్‌కి వీలులేదు." మా పాప నన్ను చూసింది. దానికి కజిన్ అన్న మాట ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మనకి చిన్నమ్మ కూతురు అక్కే, పెద్దమ్మ కొడుకు తమ్ముడే. మేనమామ కొడుకు మాత్రం బావ. పూణె వాణ్ణి మా పాప బావా అనే పిలుస్తుంది, ఆ మాట ఇంగ్లీషులో వాళ్ళకి ఎట్ల చెప్పాలో నాకూ తెలియలేదు. ఇంగ్లీషులో ఒకే మాట కింద పడేసిన వరసల్ని మన భాష విడివిడిగా పెట్టుకుంది, విడిపోయినవాళ్ళని అక్కా తమ్ముడూ అని కలిపి పెట్టుకుంది. మన పిల్లలకి ఆ వరసే ఇల్లు. వాళ్ళ ఫారం దగ్గర ఆ ఇల్లు చెల్లదు.

ఇక్కడ ఎవరైనా అంటారు, "నాలుగు రోజులే కదా, ఎందుకింత?" అని. బళ్ళారి వదిన అట్లే అనింది. వదినా, కోపం తెచ్చుకోవద్దు, జవాబు చెప్తున్నా.

మన ఇంటి ఆరుగురు పిల్లలు ఏ భాషలో చదువుతున్నారు? మా పాప ఇంగ్లీషు మీడియం, బయట కన్నడ. హోసూరువాళ్ళకి తమిళం. పూణె వాడికి మరాఠీ, హిందీ. మా మరదలు మరాఠీ అమ్మాయి, వాళ్ళింట్లో తెలుగు తమ్ముడు ఒక్కడే మాట్లాడాలి. బళ్ళారివాళ్ళకి కన్నడ. ఈ ఆరుగురికీ ఒక్క తెలుగు బడి లేదు, ఒక్క తెలుగు టీచర్ లేడు. వాళ్ళు ఆరుగురూ ఒకచోట చేరితేనే తెలుగు క్లాసు. అందులో టీచర్ ఎవరు? బళ్ళారి పదమూడేళ్ళది. పోయిన వేసవిలో శ్రీనివాసపురంలో పూణె వాడికి "నేను వస్తాను"కి, "నేను వచ్చాను"కి తేడా నేర్పింది అదే, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క ఎరగా పెట్టి. తప్పు చెప్తే ముక్క లేదు! వాడు నాకు ఫోన్ చేసి "అత్తా, నేను వచ్చాను" అన్నాడు, పూణెలో కూర్చొని. అయినా ఆ ఒక్క మాటకి తమ్ముడు ఎంత మురిసిపోయాడో మీకు తెలుసు.

పెద్దపిల్ల చిన్నపిల్లకి నేర్పడం, అంతే మనకున్న విద్య. అది వయసులు కలిసి ఉంటేనే జరుగుతుంది. ఓడ ఎక్కించి నేర్పేదాన్ని నాలుగో గదిలో, నేర్చుకునేవాణ్ణి మూడో గదిలో పెడితే ఏమవుతుంది? నాలుగు రోజులు ఇంగ్లీషు అవుతుంది. దిగినాక కూడా కొన్నాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఇంగ్లీషే మాట్లాడుకున్నారు. బడిలో వయసు ప్రకారం, అపార్ట్‌మెంట్‌లో వయసు ప్రకారం, డాన్సు క్లాసులో వయసు ప్రకారం. ఏడాదిలో వీళ్ళు అన్ని వయసులూ కలిసి ఉండేదే పది పదిహేను రోజులు. అందులో నాలుగు రోజులు తీసేస్తే అది చిన్న లెక్క కాదు వదినా.

వయసులు కలిపితే పిల్లలు పాడవుతారని ఎవరైనా అంటే, నా చదువే సాక్ష్యం. మా ఊరి కన్నడ బడిలో ఒకే గది, ఒకే మేస్టరు, నాలుగు తరగతులు. అది బీదతనం వల్ల వచ్చిన ఏర్పాటే, గొప్ప చెప్పుకోను. కానీ నాకు కూడికలు నేర్పింది మేస్టరు కాదు, నాలుగో తరగతి అమ్మాయి. అదే పద్ధతిని తర్వాత కావాలనే తెచ్చారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో మొదలైన నలి కలి గురించి కర్ణాటకలో చదివిన పిల్లలున్నవాళ్ళకి తెలుసు. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి, తరగతిని బట్టి కాక ఎవరు ఎంతవరకు నేర్చుకున్నారో దాన్ని బట్టి గుంపులు చేస్తారు. ఆ టీచర్లు ఈ పద్ధతిని ఎక్కడ చూసి వచ్చారు? మన అమ్మ పుట్టింటి వైపు, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో. ఆంధ్రా పల్లె బడుల్లో పుట్టిన ఆలోచన గీత దాటి కన్నడ బడికి వచ్చింది. ఇంకా వెనక్కి పోతే, 1939లో మద్రాసు అడయారుకి వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉన్న మారియా మాంటిస్సోరి కూడా మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళని ఒక గదిలో, ఆరు నుంచి తొమ్మిదేళ్ళవాళ్ళని ఒక గదిలో కావాలనే కలిపి ఉంచమనింది. పెద్దది చిన్నదానికి చూపిస్తుంది, చూపిస్తా తానూ నేర్చుకుంటుంది అని.

ఓడవాళ్ళవైపు కూడా న్యాయం ఉంది, అది చెప్పకపోతే నాది సగం రిపోర్టే అవుతుంది. పెద్దపిల్లలు పరిగెత్తే చోట చిన్నబిడ్డ ఉంటే దెబ్బ తగులుతుంది. చిన్నవాళ్ళని చూసుకోడానికి ఎక్కువమంది మనుషులు కావాలి. పదహారేళ్ళవాళ్ళ మాటలు ఎనిమిదేళ్ళ బిడ్డ వినకూడదు. మా ఓడలో పెద్దపిల్లల క్లబ్ నుంచి పిల్లలు సొంతంగా వచ్చేయొచ్చు, చిన్నవాళ్ళని మాత్రం పెద్దవాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. ఇవన్నీ సరైన నియమాలే. అందుకే నేను చిన్నబిడ్డని పై గదికి ఎక్కించమని అడగట్లేదు. మా పాపని పైకి పంపమని మొదటిరోజు అడిగినందుకు నాకిప్పుడు కొంచెం సిగ్గే. నేను అడగాల్సింది హోసూరుదాన్ని కిందికి పంపమని. పైకి ఎక్కడం వేరు, కిందికి దిగడం వేరు. చిన్నబిడ్డ పైకి పోతే ప్రమాదం బిడ్డకి. పెద్దపిల్ల దిగి వస్తే, అది సొంతవాళ్ళ కోసమే వస్తే, అక్కడున్న మనిషికి సాయం. ఆ రెండింటినీ ఒకే "కుదరదు" కింద పెట్టడమే నా ఫిర్యాదు.

కాబట్టి నేను కోరేది నాలుగు మాటలు.

ఒకటి, ఇంటి పిల్లల కోసం పెద్దపిల్ల తన ఇష్టంతో కింది గదికి రావొచ్చు, రెండు మెట్లయినా సరే. పదకొండేళ్ళ వరకు అని హద్దు పెట్టుకోండి, ఒక గదికి ఒకరే అనండి, అల్లరి చేస్తే వెనక్కి పంపండి, పరవాలేదు.

రెండు, ఇంటి పిల్లలు అంటే ఒక తల్లి పిల్లలే కాదు. ఒకే బుకింగ్‌లో వచ్చినవాళ్ళు, పెద్దవాళ్ళు ఇద్దరూ సంతకం పెట్టినవాళ్ళు, వాళ్ళని ఇంటివాళ్ళుగా ఒప్పుకోండి.

మూడు, గీతకి అటు ఇటు మూడు నెలలు వెసులుబాటు ఇవ్వండి, ఏ గది అన్నది తల్లిదండ్రులతో మాట్లాడి తేల్చండి.

నాలుగు, ఫారంలో భాష గడి పెట్టండి. దాని పక్కన నీళ్ళు, ఆకలి, బాత్రూమ్, అమ్మ కావాలి అన్న నాలుగు మాటలు ఆ బిడ్డ ఎట్ల చెప్తుందో రాయించుకోండి. కాగితం ఖర్చు కూడా కాదు ఇది.

ఇదంతా ఇంగ్లీషులో రాసి కంపెనీకి పంపాను. ఇది రాసే రోజుకి జవాబు రాలేదు.

ఇప్పుడు మన సంగతి. ఓడవాళ్ళని ఇన్ని మాటలు అన్నాక మనల్ని వదిలేస్తే ధర్మం కాదు.

మొదటిది, అబద్ధం. "పాస్‌పోర్ట్ ఎవరు చూస్తారు, తొమ్మిది అని చెప్పేయ్" అని నాకు మనవాళ్ళే సలహా ఇచ్చారు. బడిలో చేర్చడానికి పుట్టిన తారీకు మార్చడం మన పెద్దల కాలంలో మామూలే. మా నాన్నకి రెండు పుట్టినరోజులు. కానీ ఆ అబద్ధం బిడ్డ ముందర చెప్పాలి, బిడ్డ చేత నాలుగు రోజులు చెప్పించాలి. నేను చెప్పను. నియమం తప్పైతే ఎదురుగా నిలబడి తప్పు అందాం. దొంగదారిలో దూరితే నియమం అట్లే ఉంటుంది, వెనకొచ్చే బిడ్డ మళ్ళీ అక్కడే తట్టుకొని పడుతుంది.

రెండోది, గొప్ప. మనలో కొంతమందికి బిడ్డ పై గదికి పోతే అదో ర్యాంకు వచ్చినట్టు. "మావాడు పెద్దపిల్లల గ్రూపులో" అని చెప్పుకోవడం నా చెవులతో విన్నా. కింది గదికి పోయి చెల్లెలి పక్కన కూర్చున్న పిల్లని ఎవరూ మెచ్చుకోరు. ఆ పిల్లదే అసలైన పెద్దరికం అని మనమే చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు?

మూడోది, మనం. ఆ క్లబ్ పొద్దున తెరిచిన దగ్గర నుంచి రాత్రి మూసేదాకా పిల్లల్ని అక్కడే వదిలింది మనమే. "అందరం కలిసి ఉందామని కదా ఈ ఓడ" అని అవ్వ మూడో రోజు అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. మూడో రోజు సాయంత్రం మేము చేసిన పని మొదటిరోజే చేసుండాల్సింది. ఆరుగురినీ గదుల్లోంచి తీసుకొచ్చి పై డెక్ మీద అవ్వ చుట్టూ కూర్చోబెట్టాం. అచ్చంగిల్లాలు ఆడారు, బంగాళాదుంప చిప్స్ డబ్బా మూత గిరగిరా తిప్పారు. ఓడ ఆటలన్నింటికంటే అది చౌక. చిన్నది అప్పుడే మళ్ళీ నోరు తెరిచింది. వాళ్ళక్క చెవిలో ఏదో చెప్పింది, ఇద్దరూ చేతులు పట్టుకొని బాత్రూమ్ వైపు పరిగెత్తారు. మా చెల్లెలు వాళ్ళను చూసి ముఖం అటు తిప్పుకుంది.

ఆ ఫోటో ఎవరూ తీయలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

వచ్చే డిసెంబరుకి మళ్ళీ ఓడ అని బళ్ళారి అన్న అప్పుడే గ్రూపులో పెట్టాడు. మన చుట్టాల్లో ఇంకొన్ని ఇళ్ళవాళ్ళు కూడా అడుగుతున్నారని తెలిసింది. పొండి, వద్దనను. సముద్రం బాగుంటుంది. కానీ డబ్బు కట్టకముందే అడగండి. ఏ వయసుకి ఏ గది? వయసు ఏ తారీకు నాటికి లెక్క? పెద్దపిల్ల కిందికి రావొచ్చా, ఎన్ని మెట్లు? అక్క అంటే మీ లెక్కలో ఎవరు? భాష రాని బిడ్డని ఎట్ల చూసుకుంటారు? నోటిమాటగా కాదు, మెయిల్‌లో రాసిమ్మని అడగండి. ఏ కంపెనీ ఏం చెప్పిందో ఇక్కడ రాయండి, వెనకొచ్చేవాళ్ళకి పనికొస్తుంది. పదిమంది అడిగితే ఫారంలో ఒక గడి పెరుగుతుంది. మా పనిలో నేను చూసింది అంతే. తప్పు ఒక్కరు చెప్తే "తర్వాత చూస్తాం" అంటారు, పదిమంది అదే తప్పు చెప్తే ఆ వారమే సరిచేస్తారు.

అవ్వ మాత్రం ఈసారి రానంటోంది. తోట కాపుకొచ్చే టైముకి అందరూ శ్రీనివాసపురం రండి, మన ఇంట్లో గది ఒకటే అంటోంది.